కుర్చీ పక్కన కుర్చీ

(పి.వి. సతీష్ స్మృతిలో హన్మకొండలో చేసిన ప్రసంగ పాఠం)



సతీష్ గారి పేరు మీద సభ అంటే చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి తెలిసినవాళ్లను పిలవడం రివాజు. పెళ్లి వీడియోలు చేసుకునేవాణ్ని నన్నెందుకు పిలిచారని అడిగాను. “బస్తీ పిల్లలకు ఎడిటింగ్ నేర్పుతున్నవు గద, దాని గురించే చెప్పు. ఆయన మొదట టీవీ మనిషే” అన్నారు. ఆ మాట నిజం కాబట్టే ఒప్పుకున్నాను. ఆయన శిష్యుణ్ని అని చెప్పుకోవడానికి లేదు, నేరుగా పరిచయం కూడా లేదు. ఆయన దగ్గర నేర్చుకున్న ఆడవాళ్లు తీసిన సినిమా ఒకటి మా జిల్లా గురించినది. దాన్నుంచే నాకు ఆయన తెలుసు.

పెరియపట్న వెంకటసుబ్బయ్య సతీష్ 1945లో మైసూరులో పుట్టారు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చాలా ఏళ్లు పనిచేశారు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలో ఆయన చెయ్యి ఉంది. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆరింటిలో ఒకటి. పంచాయతీ ఆఫీసు ముందు, బడి ముందు టీవీ పెడితే ఊరంతా కూర్చుని చూసేది. తీసేది పట్నం వాళ్లు, చూసేది పల్లె వాళ్లు. ఇందులో ఆయనకు ఏం నచ్చలేదో ఆ తర్వాత ఆయన చేసిన పనిని చూస్తే అర్థమవుతుంది. 1983లో కొందరు మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలుపెట్టారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో ఉన్నది ఎక్కువగా దళిత స్త్రీలు, రాళ్ల నేలల్లో ఒకటి రెండు ఎకరాలు సాగుచేసుకునేవాళ్లు. తొంభైల చివర్లో వాళ్లలో కొందరి చేతికి వీడియో కెమెరా ఇచ్చారు. 2001లో ఆ జట్టు కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ అయింది. 2008 అక్టోబరు 15న మాచ్నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. 2023 మార్చి 19న సతీష్ గారు పోయారు.

ఇక మా జిల్లా సంగతి. 2002 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఆ వానాకాలమే వరంగల్ జిల్లా రైతులు ఆ విత్తనం వేశారు. ఆ సీజన్ ఎలా నడిచిందో పరిశోధకులు అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి లెక్కలు కట్టి అధ్యయనం రాశారు. జహీరాబాద్ ఆడవాళ్లు అదే సీజన్‌ను కెమెరాతో పట్టారు. మొలక దశలో ఏమన్నాడు, పూత దశలో ఏమన్నాడు, పత్తి ఏరే నాటికి ఏమంటున్నాడు అని రైతు మాట వెంబడి పోయారు. 2003లో వచ్చిన ఆ సినిమాకు పెట్టిన పేరే ఒక ప్రశ్న: వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకు? 2005లో మూడేళ్ల కథను కలిపి ఇంకో సినిమా చేశారు. ఆ ఏడాదే కేంద్రం నియమించిన కమిటీ మొదటి మూడు బీటీ హైబ్రిడ్లకు అప్పటి మన రాష్ట్రంలో అనుమతి కొనసాగించకుండా ఆపేసింది. సినిమా వల్లే ఆపారని నేను అనను, అంత అమాయకుణ్ని కాను. ఆ తర్వాత వాళ్లు కెమెరా పట్టుకుని దక్షిణాఫ్రికా, మాలి, ఇండోనేషియా దాకా వెళ్లి అక్కడి పత్తి రైతులను కూడా తీసుకొచ్చి తెర మీద పెట్టారు.

ఎడిటర్‌గా నేను ఆ సినిమాలో చూసింది వేరు. ఒక సీజన్ ఫుటేజ్ అంటే గుట్టలు. ఒకే రైతు ఆరు నెలల్లో నాలుగు రకాలుగా మాట్లాడతాడు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? పత్తి చేలో కూలికి పోయిన మనిషికి, ఏ మొహం అబద్ధమాడుతోందో ఏ మొహం సిగ్గుపడుతోందో తెలుస్తుంది. పట్నం ఎడిటర్ గణాంకం చెప్పే మాట ఉంచుతాడు. వీళ్లు రైతు చెప్పబోయి ఆగిన చోటు ఉంచుతారు. కెమెరా కోణాలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు చాలామంది విన్నవే. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎదురుగా సమానంగా చూసేది సంఘం షాట్. ఆ పేర్లను గొప్పగా చెప్పి వదిలేసేవాళ్లున్నారు. నాకు మాత్రం అంతకన్నా ముఖ్యమైనది కెమెరాతో పాటు ఎడిటింగ్ కూడా వాళ్ల చేతికే ఇవ్వడం. పేదల చేతికి కెమెరా ఇచ్చిన సంస్థలు దేశంలో చాలా ఉన్నాయి. తీరా టేపులు మాత్రం పట్నం పోయి, అక్కడెవరో కోసి అతికించి పంపేవారు. ఏది ఉండాలో తేల్చే కుర్చీ ఇంకొకరిదైతే కెమెరా పట్టుకున్నవాడు కూలివాడే.

ఈ కుర్చీ గురించే ఇవాళ నా గోల అంతా.

మన ఊళ్లో ఈ పెళ్లి వీడియోల పని ఎలా పెరిగిందో పాతవాళ్లకు తెలుసు. పానాసోనిక్ ఎం-9000 భుజాన పెట్టుకుని ఒకడు, హాలోజన్ లైటు ఎత్తి పట్టుకుని ఇంకొకడు, వైరు చుట్టుకుంటూ వెనకాల ఒక పిల్లవాడు. ఆ పిల్లవాడే తర్వాత లైట్ బాయ్, ఆ తర్వాత కెమెరామన్. తీసిన వీహెచ్ఎస్ క్యాసెట్లు మిక్సింగ్ రూముకు పోయేవి. రెండు వీసీఆర్లు, నడుమ ఒక మిక్సర్, గోడకు ఒక కూలర్. హృదయం బొమ్మలోంచి పెళ్లికూతురు బయటికి వచ్చేది, తామర పువ్వు విచ్చుకుంటే పెళ్లికొడుకు కనిపించేవాడు. నవ్వకండి, మీ అందరి ఇళ్లలో ఆ క్యాసెట్ ఉంది. తర్వాత కంప్యూటర్, ఎడియస్, కరిజ్మా ఆల్బం, డ్రోన్, పందిట్లో ఎల్ఈడీ తెర, ఇప్పుడు తలంబ్రాలు ఎండకముందే ఇన్‌స్టాలో రీల్. వైరు చుట్టే పిల్లవాడి చోటు మాత్రం ఈ మార్పుల్లో పోయింది. కెమెరాలకు వైర్లు లేవు, లైట్లు బ్యాటరీవి. ఎడిటింగ్ ఎవరి ఇంట్లో వాళ్లు, చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రాత్రి ఒంటిగంటకు చేసుకునే పని అయింది. పక్కన నిలబడి చూసే వీలే లేదు.

పిల్లలు మాత్రం ఉన్నారు. శివనగర్, కరీమాబాద్, ఉర్సు, లేబర్ కాలనీ, ఏనుమాముల. ఆజం జాహి మిల్లులో పనిచేసినవాళ్ల మనవలు, మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీల కొడుకులు, ఆటో నడిపేవాళ్ల బిడ్డలు. వాళ్లకు ఎడిటింగ్ రాదని ఎవరైనా అంటే నమ్మకండి. కైన్‌మాస్టర్, వీఎన్, ఇన్‌షాట్ మీద వాళ్ల వేళ్లు నా వేళ్ల కన్నా వేగంగా నడుస్తాయి. 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లు ఆపేసిన వారంలోపే వేరే యాప్‌లకు మారిపోయారు. హీరో పుట్టినరోజుకు స్టేటస్ వీడియో, కార్పొరేటర్ పుట్టినరోజుకు స్టేటస్ వీడియో, గణపతి నిమజ్జనానికి డీజే వీడియో, బతుకమ్మకు ఒకటి. డప్పు దెబ్బ మీద కట్ పడాలంటే సరిగ్గా అక్కడే పడుతుంది, ఒక ఫ్రేము అటూ ఇటూ కాదు.

మరి రానిది ఏమిటి? పాట తీసేస్తే చెయ్యి ఆగిపోతుంది. దెబ్బ లేని చోట ఎక్కడ కొయ్యాలో తెలియదు. మనిషి మాట్లాడుతుంటే ఎంతసేపు చూడాలి, ఎప్పుడు వినేవాడి మొహానికి పోవాలి, ఇది యాప్‌లో ఉండదు. పక్కన ఒకరు కూర్చుంటేనే వస్తుంది.

అందుకే మా దగ్గరికి వచ్చిన పిల్లలకు మొదటి పాఠం పాట లేకుండా. ‘బలగం’ సినిమా చివరి పాట చూడమంటాను. పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మన దుగ్గొండి వాళ్లే, మొగిలయ్య 2024 డిసెంబరులో పోయాడు. ఆ పాట నడుస్తుండగా సౌండ్ ఆపేసి, ఎవరి మొహం మీద ఎంతసేపు నిలిచారో ఫోన్‌లో టైమ్ చూసి రాసుకోమంటాను. ఏడుస్తున్నవాళ్ల మీద ఎంత, ఏడవకుండా ఆపుకుంటున్నవాళ్ల మీద ఎంత? మొదట విసుక్కుంటారు. రెండోసారి చూసేటప్పటికి వాళ్లలో వాళ్లే కొట్లాడుకుంటారు.

ఉర్సు నుంచి వచ్చే ఒక పిల్లవాడి పని చెప్తాను. ఒక పెళ్లిలో అప్పగింతల ఘట్టం వాడికి ఇచ్చాను. తెచ్చి చూపించాడు. సినిమా పాట, స్లో మోషన్, కన్నీటి చుక్క మీద జూమ్, కట్ పడిన ప్రతిచోటా తెల్లటి మెరుపు. బాగా కుదిరింది, కాదనను. “పాట తియ్యి, హెడ్‌ఫోన్ పెట్టుకుని అసలు సౌండ్ విను” అన్నాను. అయిష్టంగానే విన్నాడు. పెళ్లికూతురు తండ్రి అల్లుడి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోతున్నాడు, గొంతు రావడం లేదు. వెనకాల ఎవరో “బస్సు టైమైతుంది, తొందరగా కానియ్యండి” అంటున్నారు. ఒక పిల్ల నీళ్లు అడుగుతోంది. తండ్రి చెయ్యి వదలడం లేదు. వాడు మూడుసార్లు విన్నాడు. “అన్నా, బస్సు టైమైతుంది అన్న మాట ఉంచుదమా?” అన్నాడు. ఉంచి ఆ తర్వాత ఎవరి మీదికి పోతావని అడిగాను. చాలాసేపు అటూ ఇటూ జరిపి, ఆ మాట అన్న మనిషి మీదికి గానీ అమ్మాయి మీదికి గానీ పోకుండా, పట్టుకున్న రెండు చేతుల మీదే ఆగాడు. మాట వినపడిన తర్వాత కూడా చెయ్యి వదలలేదు కదా, అది కనపడాలి అన్నాడు. నేను చెప్పింది కాదు అది, నాకు తట్టలేదు కూడా.

పెళ్లివాళ్లకు చూపిస్తే, పాట ఏదని అడిగారు. పాట వేసి ఇచ్చాం. వాడు తన కాపీ తన డిస్కులో దాచుకున్నాడు. వ్యాపారం వ్యాపారమే.

ఇక్కడ పెద్దలు ఒక మాట అంటారు, పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, హైదరాబాద్‌లో కాలేజీలు ఉన్నాయి కదా, ప్రభుత్వ స్కిల్ సెంటర్లు ఉన్నాయి కదా అని. ఉన్నాయి. పూనాది 1960 నుంచి ఉంది, దానికి పోగలిగినవాడు పోవాలి. కానీ పేరున్న ఎడిటర్లను చూడండి. శ్రీకర్ ప్రసాద్ గారు ఇంగ్లీషు సాహిత్యం చదివి, ఎడిటింగ్ మాత్రం తన తండ్రి అక్కినేని సంజీవి గారి దగ్గర నేర్చుకున్నారు. ఈ విద్య అలాగే వచ్చింది, ఒకరి కుర్చీ పక్కన ఇంకొకరు కూర్చుని. ఇంట్లో ఎడిటర్ ఉన్నవాడికి ఆ కుర్చీ పుట్టుకతో ఉంటుంది. హమాలీ కొడుకుకు ఎవరో ఒకరు వెయ్యాలి. మూడు నెలల కోర్సు చేసి సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చిన పిల్లలను చూశాను. మెనూలో ఏ బటన్ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తారు. పాపం, వాళ్ల చేత ఒక్క పెళ్లి కూడా మొదటి నుంచి చివరి దాకా చేయించలేదు.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి పేరు వినే ఉంటారు. శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ ఆ ఊరిదే. కూలి పనులు చేసుకున్న గంగవ్వ అందులోంచే వచ్చి 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లింది. అందరూ గంగవ్వను చూస్తారు, చూడాలి కూడా. నేను మా పిల్లలకు చెప్పేది వేరే. పట్నం పోకుండా ఊళ్లోనే కూర్చుని, ఒకరికొకరు చూపించుకుంటూ, ఏ మాట దగ్గర నవ్వు వస్తుందో ఊరి వాళ్ల మీదే పరీక్షించుకుంటూ నేర్చుకోవచ్చని అది రుజువు చేసింది.

ఇప్పుడు డబ్బు సంగతి. దీన్ని దాటవేసి గురుశిష్య బంధం గురించి మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆరు నెలలు ఊరికే కూర్చుని నేర్చుకోమంటే హమాలీ ఇంట్లో అది కుదిరే పని కాదు. తల్లి మొదటి రోజే అడుగుతుంది, “నెలకెంత ఇస్తరు సారూ?” అని. అడగాల్సిందే. అందుకని మేం మొదటి వారం నుంచే డబ్బు వచ్చే పనితో మొదలుపెడతాం. కెమెరా కార్డుల్లోంచి ఫుటేజ్ రెండు డిస్కుల్లోకి ఎక్కించడం, రెండుచోట్లా తెరుచుకుంటోందని చూశాకే కార్డు చెరపడం. చెప్పడానికి చిన్న పని. మన ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు ఆ ఒక్క తొందరలో మాయమయ్యాయో ఇక్కడున్న స్టూడియోల వాళ్లకు తెలుసు, పేర్లు చెప్పను. తర్వాత రెండు కెమెరాల సౌండ్ కలపడం, పనికిరాని ముక్కలు పక్కన పెట్టడం, పేర్లు తప్పుల్లేకుండా తెలుగులో కొట్టడం. దీనికి రోజు లెక్కన ఇస్తాం. తక్కువే, కానీ ఆ రోజుకు ఆ రోజే. పెళ్లివాళ్లు మనకు బాకీ పెట్టారని మనం పిల్లవాడికి బాకీ పెట్టకూడదు.

మిషన్ సంగతి కూడా అంతే. కొత్త కంప్యూటర్ కొనాలంటే వాయిదాల మీద కొన్నా ఆ ఇంటికి భారమే. పాత కంప్యూటర్ మీద ఫోర్‌కే ఫుటేజ్ ఆగి ఆగి నడుస్తుంది, పిల్లవాడు తనకే రాదనుకుంటాడు. ప్రాక్సీలు, అంటే తేలిక కాపీలు, చేసి ఇస్తే అదే పాత మిషన్ మీద హాయిగా కోస్తాడు, చివరి రెండర్ మాత్రం పెద్ద సిస్టం మీద. డావిన్సీ రిజాల్వ్ ఉచితంగా దొరుకుతుంది, క్రాక్ వెర్షన్ల మీద చేయి అలవాటు చేయనవసరం లేదు. ముందు వరసలో యజమానులు ఒకరినొకరు చూసుకుని నవ్వుతున్నారు, ఆ విషయం అక్కడితో వదిలేస్తాను.

ఆడపిల్లల గురించి చెప్పాలి. సతీష్ గారు పని నేర్పింది ఆడవాళ్లకు. మా స్టూడియోల్లో ఆడపిల్ల కనిపిస్తే రిసెప్షన్‌లోనో ఆల్బం డిజైనింగ్‌లోనో. ఎడిటింగ్‌కు వచ్చినవాళ్లూ రాత్రి పని వల్ల మానేస్తున్నారు. నిజానికి ఎడిటింగ్ రాత్రే చెయ్యాలని శాస్త్రం ఏమీ లేదు, పగలంతా మనం ఫోన్లు మాట్లాడుతూ గడిపి రాత్రికి తోస్తున్నాం. పొద్దున తొమ్మిది నుంచి ఐదు దాకా ఒక సిస్టం వాళ్లకని పెట్టాక మా దగ్గర నిలబడ్డారు. ఇంటికి పని పంపితే చేస్తామంటారు, వద్దంటాను. ఇంటికి పంపితే నేర్చుకోవడం ఆగిపోయి పీసు పని మిగులుతుంది.

ఈ మధ్య కృత్రిమ మేధ భయం ఒకటి. ఫోటోలు అదే ఏరుతుంది, హైలైట్ అదే కోస్తుంది, టైటిళ్లు అదే కొడుతుంది. నేను ఇందాక చెప్పిన మొదటి వారం పనుల్లో సగం అది మింగేస్తుంది, నిజమే. దానర్థం పిల్లవాణ్ని రెండో మెట్టుకు మనం ముందే తీసుకుపోవాలి. బస్సు టైమైతుంది అన్న మాట ఉంచాలా వద్దా అన్నది రేపు అది కూడా తేలుస్తుందేమో. ఆ తండ్రిలాంటి మనిషి ఇంట్లో పుట్టి పెరిగినవాడు ఎందుకు ఉంచాడో మాత్రం దాన్ని అడిగి తెలుసుకోలేం.

చివరగా స్టూడియోల యజమానులకు ఒక ప్రతిపాదన, దీని కోసమే నేను ఇవాళ వచ్చాను. మూఢం వస్తే మన దగ్గర కుర్చీలు ఖాళీ. ఆషాఢం ఖాళీ, పుష్యం ఖాళీ. సిస్టంల మీద గుడ్డలు కప్పి ఊళ్లకు పోతాం. ఆ నెలల్లోనే పిల్లలకు చోటివ్వండి. పని లేదు కదా, డబ్బెక్కడిది అంటారు. ఊళ్లో ప్రతి ఇంట్లో పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు బూజు పట్టి పోతున్నాయి. జనం అడుగుతున్నారు, మనమే టైం లేదంటున్నాం. ఒక వీసీఆర్ బాగుచేయించి, క్యాప్చర్ కార్డు పెడితే మూఢమంతా పని ఉంటుంది. పిల్లవాడికి కూలి గిట్టుతుంది. దానికి తోడు, కంప్యూటర్ ఎడిటింగ్ లేని రోజుల్లో తీసిన పొడుగాటి షాట్లు, బంతి భోజనాల్లో మనుషులు మాట్లాడుకోవడం, గంటల కొద్దీ కూర్చుని చూస్తాడు. అంతకన్నా మంచి పాఠం నా దగ్గర లేదు. వాటిలోంచి ఇరవై నిమిషాలు తనకు నచ్చినవి కోసి తెమ్మనండి, ఏం ఉంచాలో మీరు చెప్పకండి. ఇంటివాళ్లు ఒప్పుకుంటే సీజన్ మొదలయ్యే ముందు వాటిని ఒక సాయంత్రం ఇదే హాల్లో చూద్దాం, చివర ఎడిటర్ అని పిల్లవాడి పేరు వెయ్యాలి. ఒప్పుకునేవాళ్లు బయట టీ బల్ల దగ్గర ఉన్న పుస్తకంలో స్టూడియో పేరు, మీరు ఇవ్వగలిగిన సిస్టంలు ఎన్ని, రోజుకు ఎంత ఇస్తారు, ఈ మూడూ రాయండి. మూడోది రాయకుండా మొదటి రెండే రాసిన వాళ్లకు నేనే ఫోన్ చేస్తాను.